ఒట్టి చేతులతో వచ్చిన కావలివాడు

అనగనగా ఒక ఏరు. ఏటి ఒడ్డున ఒక ఊరు. ఊరి వెనక ఒక గుట్ట, గుట్ట మీద ఒక కోట, కోటలో ఒక రాజు. ఏటి పేరు పింగళ, ఊరి పేరు కంచరేవు, రాజు పేరు ధవళకీర్తి. ఈ కథ మాత్రం రాజుది కాదు. ఆ రాజు కొలువులో కుమ్మరి వీధిని కాచే పోలన్నది.

పోలన్నకు ఎర్ర తలపాగా ఉండేది. చేతిలో ఇనుప పొన్ను తొడిగిన వెదురు కర్ర ఉండేది. కర్ర ఉందన్న మాటే కానీ దానితో అతను ఎవరినీ కొట్టి ఎరగడు. పొద్దున్నే వీధిలోకి వస్తే పిల్లలు "పోలన్న మామా!" అని కాళ్ళకు చుట్టుకునేవారు. కుండలు చేసే నాంచారమ్మ "ఏం తమ్ముడూ, అంబలి తాగావా?" అని పలకరించేది. ఎక్కడైనా దొంగ కనబడితే పోలన్న ఒక్క కేక వేసేవాడు. ఆ కేకకు వీధి వీధంతా పనులు వదిలి పరుగెత్తుకొచ్చేది. దొంగ ఎటు పారిపోగలడు?

ఒకనాడు సంతలో ముగ్గురు వర్తకులు దొంగ తూకాలు తూస్తుంటే పోలన్న పట్టుకున్నాడు. వాళ్ళు ఊరుకోలేదు. ముగ్గురూ కూడబలుక్కుని కోటకు పోయి, "మహారాజా, మీ కావలివాడు నిన్న మా దుకాణంలో వెండి పళ్ళెం ఎత్తుకుపోయాడు" అని ప్రమాణం చేసి చెప్పారు. రాజు నమ్మాడు. పోలన్నను చెరసాలలో వేయించాడు.

ఆ మాట విని కుమ్మరి వీధి జనమంతా గుట్ట ఎక్కారు. నాంచారమ్మ ముందు నిలబడి, "ప్రభూ, ఆ రోజంతా పోలన్న మేము కుండలు కాల్చే ఆవం దగ్గరే ఉన్నాడు. పొగలో దగ్గుతూ మాతో పాటు కుండలు దించాడు. మేమంతా చూశాం" అని చెప్పింది. ఒకరి తర్వాత ఒకరు అదే మాట అన్నారు. వర్తకుల అబద్ధం బయటపడింది. పోలన్న విడుదలయ్యాడు.

చిక్కిపోయిన అతని మొహం చూసి రాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నా ఊరిని కాచేవాడికి నేనే అన్యాయం చేశాను. ఇలాంటిది ఇంకెప్పుడూ జరగకూడదు. దారి చెప్పు" అని కొత్వాలు చండసేనుణ్ణి అడిగాడు.

కావలివాళ్ళందరికీ పెద్ద ఆ చండసేనుడు. మీసం మెలేసి చెప్పాడు. "చట్టం చేయండి ప్రభూ. కావలివాడి మీద ఎవరూ ఫిర్యాదు చేయకూడదు. చేస్తే ఊరు విడిచి పోవాలి. అంతే."

రాజు కాస్త తటపటాయించాడు. "ఒకసారి ప్రజలను కూడా అడిగితే?"

"కుక్కను కట్టేయాలా, వదిలేయాలా అని దొంగను అడుగుతామా ప్రభూ?" అన్నాడు చండసేనుడు.

సభలో అందరూ నవ్వారు. రాజూ నవ్వాడు. చట్టం అయిపోయింది. డప్పు వేసి ఊరంతా చాటారు.

నిజం చెప్పొద్దూ, పోలన్న కూడా సంతోషించాడు. చెరసాల చీకటి ఇంకా అతని కళ్ళలోనే ఉంది. "ఇక నా జోలికి ఎవరూ రారు" అని గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. అతని భార్య సూరమ్మ బెల్లం పొంగలి వండి వీధిలో పంచింది. అందరూ తిన్నారు. బాగుందన్నారు. కానీ ఎప్పటిలా అరుగు మీద కూర్చుని కబుర్లాడకుండా ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. సూరమ్మకు అది వింతగా తోచింది. పోలన్న గమనించలేదు.

కొన్నాళ్ళు గడిచాయి. అడిగేవాడు లేకపోయేసరికి కావలివాళ్ళ నడక మారింది. మొదట చెట్టు నీడన నిద్రపోయారు. తర్వాత సంతలో ఊరికే కూరగాయలు ఏరుకున్నారు. ఆ తర్వాత, వద్దన్నవాళ్ళ మీద కర్ర ఎత్తారు.

అప్పుడు మొదటి సంగతి జరిగింది.

ఒక మధ్యాహ్నం నాంచారమ్మ ఏడుస్తూ పోలన్న ఇంటికి వచ్చింది. ఆమె కొంగు నిండా పగిలిన పెంకులు.

"తమ్ముడూ, కొత్తగా వచ్చాడే ఆ కావలి కుర్రాడు, నీళ్ళకుండ ఊరికే ఇమ్మన్నాడు. ఆవం ఇంకా చల్లారలేదు, రేపు రా నాయనా అన్నాను. అంతే, కర్రతో వరసగా అన్నీ పగలగొట్టాడు. వానాకాలమంతా బతకడానికి చేసుకున్న కుండలు! వాణ్ణి పిలిచి అడుగు."

పోలన్న తల దించుకున్నాడు. "అక్కా, నేనేం చేయను? చట్టం ఉంది కదా. నువ్వు ఈ మాట నా దగ్గర అన్నావు కాబట్టి సరిపోయింది. ఇంకెక్కడా అనకు. ఊరు విడిచి పోవాల్సి వస్తుంది."

"మరి నాకు అన్యాయం జరిగితే ఎవరి దగ్గరికి పోవాలి?"

పోలన్న లోపలికి వెళ్ళి మెల్లగా తలుపు వేసుకున్నాడు. తలుపు అవతల నాంచారమ్మ చాలాసేపు నిలబడడం అతనికి తెలుస్తూనే ఉంది.

తర్వాత రెండో సంగతి.

సంత మధ్యలో ఒక దొంగ చిన్నపిల్ల మెడలో గొలుసు తెంపుకుని పరుగు తీశాడు. పోలన్న వెంటపడి, "పట్టుకోండి! పట్టుకోండి!" అని కేక వేశాడు. ఎప్పుడూ వేసే కేకే. కానీ ఈసారి ఒక్క కాలు కదల్లేదు. ఒక్క చెయ్యి లేవలేదు. మిఠాయి కొట్టు రంగడు జంతికలు చుడుతున్నాడు. దొంగ అతని బల్లను రాసుకుంటూ పోయినా తల ఎత్తకుండా జంతికలు చుడుతూనే ఉన్నాడు. దొంగ సందులో దూరి మాయమైపోయాడు.

పోలన్న ఆయాసపడుతూ వచ్చి, "రంగా, నీ ముందు నుంచే పోయాడు కదరా! ఒక్క చెయ్యి అడ్డం పెడితే దొరికేవాడు" అన్నాడు.

"నేను చూడలేదు దొరా."

పోలన్న ఉలిక్కిపడ్డాడు. "దొరా ఏమిట్రా? నిన్నటిదాకా మామా అని పిలిచేవాడివి!"

రంగడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చూశానంటే ఎందుకు పట్టుకోలేదని మీవాళ్ళు కొడతారు. పట్టుకుంటే నువ్వెవడివిరా పట్టుకోవడానికని కొడతారు. ఏం జరిగినా మేము నోరెత్తకూడదాయె. అందుకని చూడకుండా ఉండడం నేర్చుకున్నాం, దొరా."

గొలుసు పోయిన పిల్ల ఏడుస్తూ తల్లి వెనక దాక్కుంది. దొంగను చూసి కాదు. పోలన్న ఎర్ర తలపాగాను చూసి.

ఇక మూడో సంగతి. అదే అన్నిటికన్నా చెడ్డది.

కొత్వాలు చండసేనుడి పిడిబాకు ఎక్కడో పోయింది. అతను కావలివాళ్ళతో ఊరంతా డప్పు వేయించాడు. "ఇళ్ళు ఖాళీ చేయండి! గుట్ట ఎక్కండి! ప్రాణాపాయం! రాజాజ్ఞ!" ఏ అగ్గి అంటుకుందో, ఏ ఏనుగు తప్పించుకుందో అని జనం పిల్లలను చంకనేసుకుని పరుగెత్తారు. వాళ్ళు అటు పోగానే కావలివాళ్ళు ఇళ్ళన్నీ సోదా చేశారు. పిడిబాకు దొరకలేదు. కానీ జనం తిరిగొచ్చి చూసుకుంటే ఒకరింట్లో ఇత్తడి చెంబు లేదు, ఒకరింట్లో పట్టుచీర లేదు, ఒక ముసలాయన ఇంట్లో నెయ్యి కుండ నాకేసి ఉంది.

ఎవరూ ఒక్క మాట అనలేదు. అనడానికి వీల్లేదు. ఊరు ఊరంతా నోరు మూసుకుని తలుపులకు కొత్త గడియలు బిగించుకుంది.

పోలన్న ఆ సోదాకు వెళ్ళలేదు. కానీ ఆపనూ లేదు. ఇంటికి వచ్చి సూరమ్మతో అన్నాడు. "ఊళ్ళో గలాటా లేదు, ఫిర్యాదు లేదు. ఇంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదే. చెరసాలలో కూడా ఇంతకన్నా చప్పుడుండేది."

ఆ తర్వాత వానాకాలం వచ్చింది. కంచరేవులో చినుకు పడలేదు. ఆకాశం అద్దంలా ఉంది. ఒక పట్టపగలు పోలన్న ఏటి గట్టున నడుస్తూ ఆగిపోయాడు. పింగళ నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. మీద నురగ. నురగలో వేళ్ళతో సహా కొట్టుకొచ్చిన మద్దిచెట్టు. ఆ చెట్టు వెనక ఒక ఇంటి పైకప్పు.

ఎగువ కొండల్లో కుండపోత కురిసిందని అతనికి అర్థమైంది. పెద్ద వరద రాబోతోంది. పల్లంలో ఉన్న కుమ్మరి వీధి మొదట మునుగుతుంది.

పరుగున వెళ్ళి చండసేనుడికి చెప్పాడు. చండసేనుడు కూడా ఏటిని చూసి హడలిపోయాడు. వెంటనే డప్పు వేయించాడు. "ఇళ్ళు ఖాళీ చేయండి! గుట్ట ఎక్కండి! ప్రాణాపాయం! రాజాజ్ఞ!"

అవే మాటలు. అదే డప్పు. జనం కిటికీ సందుల్లోంచి చూశారు. పైన ఎండ కాస్తోంది. మబ్బు తునక లేదు. ప్రాణాపాయమేమిటి, వీళ్ళ మొహం! మళ్ళీ సోదాకే వచ్చారనుకున్నారు. ధడేల్ ధడేల్‌మని తలుపులన్నీ మూసుకున్నాయి.

చండసేనుడికి కోపం వచ్చింది. "తలుపులు పగలగొట్టి ఈడ్చుకురండి!" అని కర్రలిచ్చి కావలివాళ్ళను తోలాడు. జనం తలుపుల వెనక రుబ్బురోళ్ళు దొర్లించి అడ్డం పెట్టారు. మేడ మీద నుంచి ఎవరో కారం నీళ్ళు కుమ్మరించారు. కావలివాళ్ళు కళ్ళు నులుముకుంటూ వెనక్కి పరుగెత్తారు. ఇంతలో ఏరు గట్టు దాకా వచ్చేసింది.

"చావనీ! చెప్పాం, వినలేదు" అని చండసేనుడు గుర్రమెక్కి గుట్ట వైపు పోయాడు.

పోలన్న ఒక్కడే మిగిలాడు. సూరమ్మా పిల్లలూ అప్పటికే గుట్ట ఎక్కారు. తనూ వెళ్ళిపోవచ్చు. ఎవరూ అడగరు. అడగకూడదనే కదా చట్టం!

అతను తలపాగా విప్పి పక్కన పెట్టాడు. దాని మీద కర్ర పెట్టాడు. ఒట్టి చేతులతో కుమ్మరి వీధిలోకి నడిచి, నాంచారమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అక్కా, నేను పోలన్నని. ఏరు వస్తోంది. బయటికి రా."

లోపల నుంచి గొంతు వినిపించింది. "మళ్ళీ సోదా చేస్తారా దొరా?"

"చేయరని చెప్పే అధికారం నాకు లేదక్కా. అబద్ధం చెప్పలేను. ఏరు వస్తున్న మాట మాత్రం నిజం. నా కళ్ళతో చూశాను."

"ఆ రోజు నా మాట వినకుండా తలుపేసుకున్నావు. ఈ రోజు నీ మాట నేనెందుకు వినాలి?"

"వినాలని నేను అనలేను. నిన్ను ఈడ్చుకుపోయే హక్కు నాకు లేదు. కానీ నిన్ను వదిలి వెళ్ళే మనసూ లేదు. ఇక్కడే కూర్చుంటాను. నువ్వు వచ్చేదాకా లేవను."

అలా అని గుమ్మం మెట్టు మీద చతికిలబడ్డాడు. వీధి చివర నుంచి సన్నగా ఒక నీటి పాయ పాకుతూ వచ్చింది. అతని పాదాలు తడిపింది. తర్వాత చీలమండలు తడిపింది. పోలన్న కదల్లేదు.

కిటికీ సందులోంచి నాంచారమ్మ చూస్తూనే ఉంది. తలపాగా లేని నెత్తిని చూసింది. కర్ర లేని చేతులను చూసింది. ఎర్రటి నీళ్ళలో మునిగిన పాదాలను చూసింది. గడియ తీసింది.

బయటికి వచ్చి వీధి దద్దరిల్లేలా అరిచింది. "ఒరేయ్, ఒసేయ్, అందరూ రండి! పోలన్న ఒట్టి చేతులతో వచ్చాడు! ఏరు నిజంగానే వస్తోంది! నేను చూశాను, నేను చెబుతున్నాను, రండి!"

డప్పుకు తెరుచుకోని తలుపులు ఆమె అరుపుకు తెరుచుకున్నాయి. జనం ముసలివాళ్ళను వీపున ఎత్తుకున్నారు. మేకలను తాళ్ళతో లాగారు. పోలన్న ఇంటింటికీ వెళ్ళి వెనకబడ్డవాళ్ళకు చెయ్యి అందించాడు. చివరి మనిషి గుట్ట మొదలుకు చేరేసరికి కుమ్మరి వీధి మీదుగా పింగళ హోరుమని పోయింది. ఇళ్ళు పోయాయి, ఆవాలు పోయాయి. ఒక్క ప్రాణం కూడా పోలేదు.

కోట బురుజు మీద నుంచి రాజు అంతా చూశాడు. కిందికి దిగి వచ్చాడు.

"పోలన్నా, డప్పుకు రాని జనం నీ మాటకు ఎలా వచ్చారు?"

"నా మాటకు కాదు ప్రభూ. నాంచారక్క మాటకు వచ్చారు."

రాజు ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, డప్పు విని ఎందుకు రాలేదు?"

ఆమె తడిసిన కొంగు పిండుకుంటూ అంది. "చెబితే ఊరు విడిచి పోవాలి కదా ప్రభూ? సరే, ఇల్లు ఎలాగూ ఏట్లో పోయింది. చెబుతాను."

చెప్పింది. కుండల సంగతి, సంత సంగతి, సోదా సంగతి. ఒక్కొక్క మాటకూ రాజు మొహం వాడిపోయింది.

చండసేనుడు అడ్డుపడ్డాడు. "ప్రభూ, చట్టం తీసేస్తే ప్రతివాడూ కావలివాడి మీద అబద్ధాలు చెబుతాడు. పోలన్నకు ఏమైందో మరిచిపోయారా?"

అప్పుడు పోలన్న ముందుకు వచ్చాడు. "నాకు ఏమైందో నేను మరిచిపోలేదు ప్రభూ. ఆ బాధ నాకు తెలుసు. కానీ ఆనాడు నా మీద అబద్ధం చెప్పినవాళ్ళు ముగ్గురు. నా కోసం నిజం చెప్పడానికి గుట్ట ఎక్కినవాళ్ళు వీధంతా. నన్ను చెరసాల నుంచి విడిపించింది జనం నోరే. తమరి చట్టం ఆ నోటినే మూసింది. మేము పిడికెడు మందిమి, ఊరు ఇంత పెద్దది. ఊరు తలుపులు మూసుకుంటే మేము ఎవరిని కాయగలం?"

రాజు తన కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకుని, బురదలో జనం మధ్య కూర్చున్నాడు.

"చట్టం చేసేముందు కొత్వాలును అడిగాను. ఆ చట్టం కింద బతకాల్సిన మిమ్మల్ని అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఏం చేద్దాం?"

మొదట ఎవరికీ నోరు రాలేదు. అలవాటు తప్పిపోయింది. తర్వాత రంగడు ఒక మాట అన్నాడు. ఇంకొకరు అది కాదన్నారు. ముసలాయన నెయ్యి కుండ సంగతి ఎత్తేసరికి కొందరు నవ్వారు. కాసేపటికి గుట్టంతా మాటలతో మారుమోగింది. పొద్దు వాలేలోపు కొత్త చట్టం తయారైంది.

కావలివాడి మీద ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. అందరి ఎదుట, పట్టపగలు విచారించాలి. రాజు తరఫున ఒకరు, కావలివాళ్ళ తరఫున ఒకరు, వీధి తరఫున ఒకరు కూర్చుని తీర్పు చెప్పాలి. కావాలని అబద్ధం చెప్పినవాడికీ శిక్ష ఉంటుంది. ఇకమీదట కావలి కర్ర కోట నుంచి రాదు. ఏ వీధికి ఆ వీధి జనమే, ఏటేటా, తమకు నచ్చినవాడి చేతిలో పెట్టాలి.

"మొదటి విచారణకు ఎవరు నిలబడతారు?" అని రాజు అడిగాడు.

చండసేనుడు తల అడ్డంగా ఊపాడు. "నన్ను కుమ్మరులు ప్రశ్నించడమా?" అని తలపాగా తీసి పడేసి వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు.

"నేను నిలబడతాను" అన్నాడు పోలన్న. "నా మీద ఎవరికైనా ఫిర్యాదు ఉంటే చెప్పండి."

అందరూ మొహాలు చూసుకున్నారు. ప్రాణాలు కాపాడినవాడి మీద ఏం చెబుతారు? కానీ నాంచారమ్మ లేచింది.

"నాకు ఉంది. అన్యాయం జరిగిందని ఇతని గుమ్మానికి వెళితే తలుపు వేసుకున్నాడు. ఈ రోజు నన్ను కాపాడాడు, నిజమే. అది వేరు, ఇది వేరు."

ముగ్గురు పెద్దలు విన్నారు. పోలన్న దాచలేదు. "తప్పే" అన్నాడు. తీర్పు ఇలా వచ్చింది: కుండలు పగలగొట్టిన కావలి కుర్రాడు, తలుపు వేసుకున్న పోలన్న, ఇద్దరూ కలిసి నాంచారమ్మకు కొత్త ఆవం కట్టి, దాని నిండా పట్టేటన్ని కుండలు తయారయ్యేదాకా మట్టి తొక్కాలి.

వరద తీసింది. ఇద్దరూ మట్టి తొక్కారు. కుర్రాడు మొదట సిగ్గుతో చచ్చిపోయాడు. తర్వాత కుండలు చేసే చక్రం, సారె, తిప్పడం కూడా నేర్చుకున్నాడు. అతను చేసిన మొదటి కుండ వంకరగా వస్తే నాంచారమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

కర్ర ఇచ్చే రోజు వచ్చింది. కుమ్మరి వీధి జనమంతా చేరారు. "పోలన్నకు ఇద్దామా?" అని నాంచారమ్మ అడిగింది. చాలా చేతులు లేచాయి. అన్నీ కాదు. గొలుసు పోయిన పిల్ల తల్లి చేతులు కట్టుకునే నిలబడింది.

"నాకింకా నమ్మకం కుదరలేదు" అందామె, మొహం మీదే.

పోలన్న ఆమెకు నమస్కారం పెట్టాడు. "కుదిరేదాకా నన్ను అడుగుతూనే ఉండు చెల్లీ. కుదిరాక కూడా అడుగు."

"అడుగుతాలే అన్నా" అందామె. చెయ్యి మాత్రం ఎత్తలేదు. ఎత్తమని ఎవరూ అనలేదు.

నాంచారమ్మ కర్రను పోలన్న చేతిలో పెట్టింది.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, వినండి: అధికారిని నిలదీయగల ప్రజలు మనసారా ఒప్పుకుని ఇచ్చిన అధికారమే నిలుస్తుంది, అదే ప్రజలను కాపాడుతుంది.